ఒక్క రోజా, ఒక్క చెంచా

మార్చి 1, శనివారం
ఉ. 10.00. డాక్టరు ప్రశాంతి దగ్గర. జమ్మలమడుగులో నా దగ్గర సైన్సు చదివిన పిల్ల. అప్పట్లో దీనికి నేను మార్కులు వేసేదాన్ని, ఇప్పుడు ఇది నాకు వేస్తోంది. పరగడుపున షుగరు 168.
"ఈ రంజానుకూ రోజాలు వద్దు టీచర్. ఉపవాసం మీ మందులకు కుదరదు."
మూడేళ్ళుగా ఇదే తీర్పు. ఈసారి బేరమాడాను. ముప్పై అడగను, అన్నిటికన్నా ఘనమైన ఇరవయ్యేడోది ఒక్కటి చాలు. తొమ్మిదో ఏట మొదలుపెట్టి అరవై ఏడు దాకా ఏడాదీ తప్పలేదు. ఆఖరుగా ఉన్న రోజానాడు సమోసాలు మాడాయని సాయంత్రం దాకా గొణుగుతూ గడిపాను. అదే ఆఖరుదని నాకు ఎవరు చెప్పారు?
"మార్చి 26న మళ్ళీ రండి. 130 లోపుంటే ఆ ఒక్కటీ ఉండండి. మాత్రల వేళలు మార్చి ఇస్తాను."
సా. 6.40. నెలవంక కనిపించింది. నిర్ణయం: ఇరవై అయిదు రోజులు తీపి ముట్టను. అరవైమంది పిల్లలున్న తరగతిని ముప్పైరెండేళ్ళు అదుపులో పెట్టాను. ఒక్క నాలుక ఎంత?

మార్చి 2, ఆదివారం. మొదటి రోజా
మ. 1.00. స్టోరు గదిలో తలుపేసుకుని రెండు జొన్నరొట్టెలు తిన్నాను, అద్దెకు దిగిన ఎలుకలాగా.
సా. 4.00. మనవరాలు నిఖత్ ఫోనులో చూసి కొత్త శర్బతు చేస్తోంది. ఫ్రూట్ పంచ్ అట. ఈ నెల వీధిలో ఎవరింట ఇఫ్తార్ విందు జరిగినా శర్బతు మాదేనని అందరికీ మాటిచ్చేసింది. అందులో పడేవి: పులివెందుల చీనీకాయల (బత్తాయిల) రసం, పుచ్చకాయ ముక్కలు, నన్నారి (సుగంధి వేళ్ళ పానకం), సబ్జా గింజలు, నిమ్మ, సోడా, ఐసు.
గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "తీపి సరిపోయిందో ల్యాదో ఎట్ల తెలుస్తాది? అందరం రోజా ఉండాము గదా."
కోడలు ఫరహత్ నా వైపు తిరిగింది. "మీ జేజి ల్యా?"
మూడేళ్ళలో రంజాను నెలలో వంటింట్లో నా పేరు వినబడటం ఇదే మొదలు.
సవరించిన నిర్ణయం: రోజుకు ఒక్క టీ చెంచా. నాలుక మీద పెట్టి ఉమ్మేయాలి. మింగరాదు.
నిమ్మ తక్కువన్నాను. పిండారు. ఇఫ్తారుకు కొడుకు కలీం రెండు గ్లాసులు తాగాడు. నేను మింగలేదు.

మార్చి 4, మంగళవారం
ఉమ్మేశాను. చాలావరకు.

మార్చి 6, గురువారం
శాస్త్రీయమైన ఇబ్బంది. చీనీకాయ గింజ నలిగితే రసం చేదెక్కుతుంది. చేదు తెలిసేది నాలుక వెనక భాగాన. ఈ బొమ్మ నల్లబల్ల మీద నేనే ఎన్నోసార్లు గీశాను. గొంతు అంచు దాకా పోనిదే తీర్పు చెప్పలేం. అక్కడిదాకా పోయినదాన్ని వెనక్కి రప్పించడం మర్యాద కాదు.
మింగాను. చేదు లేదు.

మార్చి 9, ఆదివారం
పక్కింటి గుల్జార్‌బీ ఇంట విందు. యాభై మంది. యాభై మందికి కలిపినదాన్ని ఒక్క చెంచాతో తేల్చడం అన్యాయం. పైనుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి, ఐసు కరిగాక ఒకటి.
సా. 5.30. గిన్నె అందుకుంటూ గుల్జార్‌బీ నా ముఖంలోకి చూసింది.
"ఏంది టీచరమ్మా, మూతి ఎర్రగుండాది?"
"వక్కాకు వేసుకున్నా."
"వక్కాకులో సబ్జా గింజలు గూడా ఏసుకుంటావా? పంటికి అంటుకోనుంది సూడు."
ఈ మనిషి చదువుకుని ఉంటే పోలీసు శాఖ బాగుపడేది.

మార్చి 13, గురువారం
ఇంట్లో మిషనుతో చూసుకున్నాను. 181. కారణాలు:
బ్యాటరీ పాతది.
వేలికి నన్నారి అంటి ఉండవచ్చు.
నిన్న నిద్ర లేదు.
శర్బతు (అవకాశం తక్కువ).

మార్చి 16, ఆదివారం
నిఖత్ ఫోను తెచ్చి చూపించింది. "జేజీ, నాలుక మీద తీపి ఈడ, చేదు ఆడ అని నువ్వు చెప్తాంటివే, అది తప్పంట. యాడ పెట్టినా అన్నీ తెలుస్తాయంట."
ముప్పైరెండేళ్ళు పిల్లలకు తప్పు పాఠం చెప్పాను. ఆ దుఃఖంలో అరగ్లాసు తాగాను.

మార్చి 20, గురువారం
చెంచా మానేశాను. అతిథులు తాగేది గ్లాసుతో. న్యాయం చెప్పేవాళ్ళు అతిథి స్థానంలో నిలబడి చూడాలి.

మార్చి 23, ఆదివారం
ఉ. 11.00. ఫ్రిజ్ దగ్గర ఫరహత్ పట్టుకుంది.
"అత్తా, ఇంకా పండ్లే కొయ్యలేదే, ఏం రుచి చూస్తాండావు?"
"నిన్నటిది. నిలవుంటే ఎలా మారుతుందో చూడాలి గదా."
"మారిందా?"
"ఇంకా తేలలేదు."

మార్చి 25, మంగళవారం
రేపు పరీక్ష. ఉ. 6.00 కాకరకాయ రసం. 7.00 మిద్దె మీద నలభై చుట్లు. సా. 5.00 మళ్ళీ నలభై. పరీక్ష ముందురోజు పుస్తకం తెరిచిన పిల్లలను ఎంతమందిని బెంచీ ఎక్కించానో గుర్తొస్తూనే ఉంది. మోకాళ్ళు కూడా గుర్తు చేస్తున్నాయి.

మార్చి 26, బుధవారం
214.
ప్రశాంతి కాగితం చూసింది. నన్ను చూడలేదు. "ఏం తిన్నారు టీచర్?"
"ఏమీ తినలేదు." తిన్నదేమీ లేదు నిజానికి. తాగినదాన్ని గురించి అది అడగలేదు.
"ఈసారికి వద్దు టీచర్."
ఆటోలో ఇంటి దాకా ఎవరి మీద కోపగించుకోవాలో వెతికాను. దొరకలేదు.
మ. 3.00. గుల్జార్‌బీ వచ్చింది. శర్బతు రుచి చూసి చూసి ఇలా అయిందని చెప్పాను.
"నువ్వెందుకు చూస్తివి? వంట చేసే ఆడోళ్ళు నాలుక కొసన పెట్టి ఉమ్మేస్తే రోజా పోదు గదా. మీ ఫరహత్‌కు తెలీదా? పోయినేడు మా ఇంట్లో హలీముకు ఉప్పు చూసింది ఎవురనుకున్యావు?"
ఫరహత్‌ను పిలిచాను.
"తెలుసు అత్తా."
"మరి?"
"పోయినేడు నెలంతా స్టోరు గదిలోనే ఉంటివి. వంటింట్లోకి రా అంటే, తినేదాన్ని, నాకు ఆడేం పని అంటివి. ఈ తూరన్నా మా నడుమ ఉంటావని నీ చేతికి చెంచా ఇస్తి." ఫ్రిజ్ వైపు చూపించింది. "నేనిచ్చింది చెంచా. నువ్వు చెంబు ఎత్తుకుంటే నేనేం చేద్దును?"
తిట్టాలంటే ముందు నన్నే తిట్టుకోవాలి. ప్రతిదానికీ పుస్తకం తిరగేసే దాన్ని, ఈ ఒక్క సంగతి ఎవరినీ అడగలేదు. ఎందుకు అడగలేదో నాకు తెలుసు. అడిగితే జవాబు వచ్చేస్తుంది.

మార్చి 28, శుక్రవారం. ఇరవయ్యేడో రోజా
నాకు లేదు.
సా. 4.00. మా ఇంట్లోనే విందు. వీధి ఆడవాళ్ళంతా. ఫరహత్ చెంచా అందించబోతే దాన్ని ఆమె వైపే తిప్పాను. ఆమె నాలుక కొసన పెట్టి, ఉమ్మేసి, నిమ్మ తక్కువంది. నా లెక్కన తక్కువైంది నన్నారి. చెప్పలేదు. ఈ నెల మొత్తమ్మీద నేను ఉన్న ఉపవాసం అదే.
సా. 6.30. అందరితో పాటు వరసలో కూర్చున్నాను, ముందు మంచినీళ్ళ గ్లాసు. శర్బతు బాగుందన్నారు. నేను లేకుండానే.

ఏప్రిల్ 1, మంగళవారం
నిన్న పండుగ. దాన్ని గురించి ఇక్కడ రాయను. 
ఉ. 9.00. ప్రశాంతికి ఫోను. పండుగ తర్వాతి నెలలో ఆరు రోజాలుంటాయి, ఒక్కటన్నా ఉండనివ్వమన్నాను.
"130, టీచర్."
"తొమ్మిదో తరగతిలో నీకు మూడు మార్కులు కలిపి పాస్ చేశాను."
"అందుకే 130 అంటున్నా. లేకుంటే 110 అనేదాన్ని."
ఫోను పెట్టేసరికి ఫరహత్ ఎదురుగా ఉంది.
"నా ఆరింటిలో ఒకటి ఆపి పెడతా అత్తా. నీ నంబరు యా దినం దిగితే ఆ దినం ఇద్దరం కలిసి ఉందాం. బిరీన దించుకో. నెల దాటితే నాదీ పోతాది."
నెల దాటడానికి నాలుగు వారాలే ఉన్నాయి. పోతే ఈసారి ఇద్దరివీ పోతాయి.
నిర్ణయం: తీపి ముట్టను. రుచి చూసే ఉద్యోగానికి రాజీనామా. ఇంట్లో ఇప్పుడు అందరి నాలుకలూ ఖాళీగా ఉన్నాయి.
సా. 5.00. వచ్చే ఆదివారం వీధి చివర ఖాజాబీ కూతురి నిశ్చితార్థం. మూడు వందల మంది. శర్బతు మాదేనని నిఖత్ మాటిచ్చింది. మామిడిపండు, చీనీ, పుదీనా. ఇవాళ కొంచెం కలిపి చూస్తోంది.
"జేజీ, ఒక్క చుక్క."
"మీ అమ్మనడుగు."
"అడిగితి. మాయమ్మకు అన్నిట్లో నిమ్మే తక్కువ."
అది నిజం. మూడు వందల మంది ముందు ఖాజాబీ పరువు కూడా చూడాలి.
ఒక్క చుక్క. ఉమ్మేశాను. ఎంత తొందరగా ఉమ్మేశానంటే రుచి ఏమీ తెలియలేదు.
బాగుందని చెప్పాను.