గౌనుకు గుచ్చిన సూది

జూన్ 9, ఆదివారం

చిరంజీవి తమ్ముడికి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ నేను, మీ వదిన, కుట్టు మిషను ముగ్గురం క్షేమం. నీ క్షేమం మాత్రం నువ్వే చెప్పినా నమ్మను. ఫోన్ ఎత్తవు కాబట్టి ఈ ఉత్తరం. ఆసుపత్రి తేదీ మళ్ళీ వాయిదా వేశావని మరదలు చెప్పింది. మొన్న జలుబట, ఈసారి చుట్టాలట. సిగ్గు లేదట్రా?

నన్ను చూడు. నీకున్న గుండె దడే నాకూ ఉంది, నాన్న మనిద్దరికీ సమంగా పంచిపెట్టిన ఆస్తి! గురువారం వైద్యం చేయించుకున్నాను, ఇవాళ కూర్చుని ఓ చొక్కాకు కాజాలు కుట్టాను. భయమా? వీసమెత్తు లేదు.

గుండెలోకి తీగ దూరుస్తారనేగా నీ బెంగ? అది మెత్తగా, సన్నగా ఉంటుంది. తొడ దగ్గర మత్తిచ్చి రక్తనాళంలోంచి పంపుతారు. బల్లకు రెండు పక్కలా ఇంతేసి అయస్కాంతాలు. డాక్టరమ్మ అద్దం అవతలి గదిలో కూర్చుని వాటిని తిప్పుతుంది. అవి తిరిగినట్టల్లా లోపల తీగ కొస వంగుతుంది. దడ పుట్టించే చోటు దొరికాక చిన్న చురక పెడతారు, అంతే. దుకాణంలో గుడ్డల కింద దూరిన సూదిని నేను అయస్కాంతంతో లాగుతానే, అలాంటిదేనా అని అడిగాను. ఇంచుమించు అంతేనని ఆవిడ నవ్వింది.

ఒక్క తమాషా జరిగింది. వాళ్ళిచ్చిన గౌనుకు నాడా ఊడి ఉంది. చూస్తూ ఊరుకుంటానా? సంచిలోంచి సూదీ దారం తీసి కుట్టేసి, అలవాటు కొద్దీ సూదిని మెడ దగ్గర గుచ్చుకున్నాను. ఆ గదిలోకి ఇనుము పోకూడదు. నర్సు తలుపు దగ్గరే పట్టుకుని, తల పట్టుకుంది. వయసు మీద పడుతోంది కదా, మరిచిపోయాను.

పద్దెనిమిదో తేదీ మంగళవారం నీ వంతు. వెళ్ళకపోతే ఈ జన్మలో నీకు చొక్కా కుట్టను.

ఇట్లు,
ధైర్యవంతుడైన నీ అన్నయ్య

తా.క. మరిదీ, ఇది నేను, మీ వదినను. కవరు అంటించమని ఇస్తే చదివాను. రోజూ దుకాణం మూసేముందు సూదులన్నీ చూసుకునే మనిషి ఒక్క సూదిని మరిచిపోతారా? కావాలనే గుచ్చుకున్నారు, అది చూసి ఇంటికి పంపేస్తారని. నర్సు అటు వెళ్ళగానే నా చెయ్యి పట్టుకుని ఏడ్చేశారు. డాక్టరమ్మ వచ్చి పక్కన కూర్చుని, భయంగా ఉందా అని అడిగితే, చాలా భయంగా ఉందమ్మా అన్నారు. ఆ భయంతోనే లోపలికి వెళ్ళారు. నువ్వూ భయపడుతూనే రా. మంగళవారం పొద్దున ఆ తలుపు దగ్గర మేమిద్దరం ఉంటాం. నీ జేబులూ, మీ అన్నయ్య జేబులూ నేనే తడిమి చూస్తాను.