ఊట దగ్గర ఏడో కొయ్య

అగ్వా చీకా,
జూన్ 11, ఆదివారం

గౌరవనీయులైన కొంపాద్రే ఫెర్మీన్ ఒలివారెస్ గారికి,

నోల్బెర్తో తబీలో టోపీ తీసి నమస్కరించి రాసుకుంటున్నాను. మీ మోకాళ్ళు నెమ్మదించాయని, ఓవాయె పట్నంలో మీ అమ్మాయి ఇంట్లో అందరూ కులాసా అని తలుస్తాను. ఇక్కడ నేనూ, మీరు జ్ఞానస్నానానికి ఎత్తుకుని మనిద్దర్నీ కొంపాద్రేలను చేసిన మా అమ్మాయి ఇస్మేనియా దేవుడి దయవల్ల బాగానే ఉన్నాం. వాన ఇంకా పడలేదు. రెండు మేకలు కవల పిల్లల్ని వేశాయి.

మనం మాట్లాడుకుని ఆరేళ్ళయింది. నాకు నలుగురిలో మాట్లాడటం చేతకాదని మీకు తెలుసు. ఇస్మేనియా రాసిపెడతానంది, వద్దన్నాను. అక్షరాలు వంకరగా ఉంటే మన్నించండి.

విషయం ఏమిటంటే, మే నెల మొదట్లో ఒక తెల్ల వ్యాను వచ్చింది. అందులోంచి కొయ్యలు దించారు. కొసన ఎర్ర గుడ్డ కట్టిన కొయ్యలు.  అలాంటి కొయ్యలతో వచ్చినవాళ్ళే, మీరు ఇక్కడ ఉన్నప్పుడు, పక్షుల్ని లెక్కపెడతామన్నారు. ఏడాది తిరిగేసరికి పై ఊట నీళ్ళు ఎవరి పేరా లేవని కాగితాలు పెట్టి, ఏదో గని కంపెనీ పేర రాయించుకున్నారు. మన నేల ఊరందరిదీ అయినా నీళ్ళు మాత్రం కాగితం ఉన్నవాడివే కదా. ఊరి సంఘానికి అధ్యక్షులుగా ఉన్న మీరే వాళ్ళకు ఊట చోటు చూపించారని అందరూ సంఘంలో అరిచారు. మీరు మందను అమ్ముకుని వెళ్ళిపోయారు. ఇప్పుడు మాకు మిగిలింది కింది ఊట ఒక్కటే. అదీ పోతే పదిహేడు ఇళ్ళ మేకలకు గొంతు తడవదు.

వచ్చినావిడ పేరు రెబేకా. విశ్వవిద్యాలయంలో ఆకాశం గురించి చెబుతుందట. వెంట హవియేరా అని ఒక విద్యార్థిని, ఇంకా కొంతమంది. ఒక్క రాత్రికి మన నేలలో మూడు చోట్ల దూరదర్శినులు పెట్టుకుంటామని సంఘాన్ని అడిగారు. అందరూ చెయ్యెత్తారు. నేను ఎత్తలేదు. అలాగని వద్దనీ అనలేదు.

మా ఇంట్లో మాతే ఆకు కషాయం తాగుతూ ఆవిడ విడమరిచి చెప్పింది. గురుగ్రహం సూర్యుడి చుట్టూ తిరిగే దారిలో, దానికి ముందొక మంద, వెనకొక మంద రాళ్ళు నడుస్తాయట. అన్నీ ఆ పెద్దదాని దారినే, అంతే దూరం ఉంచుకుని, కొన్ని వందల కోట్ల ఏళ్ళుగా. ముందు మందలోని ఒక రాయి మే ఇరవై మూడు తెల్లవారుజామున ఒక నక్షత్రానికి అడ్డం వస్తుందట. కొండ నుంచి రోడ్డు దాకా మూడేసి కిలోమీటర్లకు ఒకటి చొప్పున పదకొండు చోట్ల కొయ్యలు పాతి, ఒక్కో కొయ్య దగ్గర ఒక దూరదర్శినితో నిలబడి, ఎక్కడ ఎన్ని క్షణాలు నక్షత్రం ఆరిందో రాసుకుంటే ఆ రాయి ఆకారం తెలుస్తుందట.

అవి అక్కడే పుట్టాయా, ఎక్కడినుంచైనా వచ్చి చేరాయా అని అడిగాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. మేమూ అదే అడుగుతున్నాం దోన్ నోల్బెర్తో, అంది. కొన్ని ఎర్రగా, కొన్ని బూడిదరంగులో ఉన్నాయట. పెద్ద గ్రహాలు దారులు మార్చుకున్న కాలంలో ఎక్కడో చలిలో పుట్టిన రాళ్ళు చెదిరి వచ్చి ఇక్కడ చిక్కుకున్నాయని ఎక్కువమంది నమ్మకమట. మా మేకలకైతే చెవికి గాటు ఉంటుంది, ఎవరి మందదో తెలిసిపోతుంది, అన్నాను. వీటికి చెవుల్లేవు, రంగూ ఆకారమూ చూసే పోల్చుకోవాలి, అని నవ్వింది. ఇంతకీ అవి ఎవరివి అని అడిగాను.

ఎవరివీ కావు, అంది.

కొంపాద్రే, నాలో అనుమానం అక్కడే రాజుకుంది. ఎవరివీ కావు అన్న మాట ఈ చెవులతో ఒకసారి విన్నాను.

ఆ రోజు నుంచి ఆవిడ వెనకే మేకల్ని తోలాను. ఆవిడ పటంలో వాగులన్నీ నీలం గీతలుగా ఉన్నాయి. ఏడో కొయ్యను కింది ఊటకు ముప్పై అడుగుల దూరంలో పాతింది. తర్వాత వంగి ఊటలో సీసా నింపింది. ఎండకు పట్టి చూసింది. తాగి, పెదాలు తడుపుకుని, మళ్ళీ నింపుకుంది. ఆకాశంలో రాళ్ళ కోసం వచ్చినవాళ్ళకు మా నీళ్ళ రుచితో పనేమిటి?

ఇస్మేనియాతో చెప్పాను. నాన్నా, ఆవిడకి దాహమేసింది, అంతే. నువ్వు మేక దగ్గినా కంపెనీవాళ్ళే దగ్గించారంటావు, అంది. అప్పటికీ చల్లారలేదు. మరి కొయ్య సరిగ్గా అక్కడే ఎందుకు పాతిందే అన్నాను. రాయి నీడ అక్కడ పడుతుందట నాన్నా, వెళ్ళి నీడతో పోట్లాడు పో, అంది. దానికి మీ పోలిక వచ్చింది, వెంటనే జవాబు.

ఇరవై రెండో తారీఖు మధ్యాహ్నం వాళ్ళు భోజనాలకు వెళ్ళినప్పుడు ఆ కొయ్యను పీకాను. మందకు పచ్చిక చోటు మార్చేటప్పుడు మనం గుంజ పీకి ఇంకోచోట దిగ్గొట్టమా, అంతే అనుకున్నాను. కొయ్య ఎక్కడుంటే వాళ్ళ హక్కూ అక్కడే ఉంటుంది, ఊట నుంచి దూరంగా పోవాలి. భుజాన వేసుకుని వాగు దాటి, రెండు గంటలు నడిచి, మీ పాత దొడ్డిలో పాతాను. రాళ్ళగోడ సగం కూలింది. అక్కడ తాగడానికి ఏమీ లేదు, ఎవరైనా ఏం రాయించుకుంటారు?

రాత్రి దుప్పటి కప్పుకుని, కర్ర పట్టుకుని ఊట దగ్గర కాపలా కూర్చున్నాను. ఒక నక్క వచ్చి తాగి వెళ్ళింది. మనుషులెవరూ రాలేదు. నక్షత్రం ఆరిందో లేదో కూడా నేను చూడలేదు. నేల వైపే చూస్తూ కూర్చున్నాను.

పొద్దున అందరూ మా వంటింట్లోకి వచ్చారు. ఇస్మేనియా నిప్పుల మీద రొట్టెలు కాల్చి జున్ను పెట్టింది. రెబేకా గారు లెక్కలు చూస్తూ తినడం ఆపేసింది. ఏడో దూరదర్శిని ఎనిమిదోదాని వరసలోకే వచ్చేసింది. ఆరుకీ ఎనిమిదికీ మధ్య రాయి ఎలా ఉందో ఎవరూ చూడలేదు. అది ఒకటే రాయో, ఒకదాన్నొకటి ఆనుకున్న రెండు రాళ్ళో తేలేది సరిగ్గా అక్కడేనట. అలా మెల్లగా ఆనుకున్న రెండయితే, దూరపు చలిలో నెమ్మదిగా పుట్టి వచ్చాయనడానికి అదొక ఆధారం అయ్యేదట. ఇప్పుడు చెప్పలేరు.

ఏడో చోటు హవియేరాది. వ్యాను టైరు పోయి చీకట్లో ఆలస్యంగా వచ్చి, దీపం వెలుగులో ఎర్ర గుడ్డ కనబడితే దాని పక్కనే దించుకుందట. చోటు సరిచూసుకోలేదా అని ఆవిడ అడిగింది. టైం లేదు ప్రొఫెసర్, కొయ్య మీరే పాతారు కదా అని నమ్మాను, అంది ఆ పిల్ల. కొయ్యలు నడవవు హవియేరా, రెండేళ్ళ పని ఇది, అంది ఆవిడ. గొంతు పెంచలేదు గాని ఆ పిల్ల కళ్ళు నిండాయి. చేతిలో రొట్టె అలాగే ఉంది.

నేను పొయ్యి దగ్గర నిలబడ్డాను. నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. వ్యాను వెళ్ళిపోతుంది. నింద ఆ పిల్లతో పాటు వెళ్ళిపోతుంది. అలా ఎలా వెళ్ళిపోతుందో నాకు తెలుసు.

నేనే నడిపించాను, అన్నాను.

ఇస్మేనియా చేతిలో పట్టకారు ఆగిపోయింది. ఎందుకు అని రెబేకా గారు అడిగింది. మీరు నీళ్ళ రుచి చూశారు, అన్నాను.  మా అమ్మమ్మది కొంబర్బలా, అదీ ఇలాంటి మేకల ఊరే, అంది రెబేకా గారు. ఊట కనబడితే తాగకుండా దాటిపోతే ఊటను అవమానించినట్టని ఆ అమ్మమ్మే నేర్పిందట. తర్వాత లేచి హవియేరా భుజం మీద చెయ్యేసి క్షమించమంది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇంకో రెండేళ్ళకు అదే రాయి ఇంకో నక్షత్రానికి అడ్డం వస్తుందట, మన లోయ మీదుగానే. మళ్ళీ రానివ్వమని సంఘానికి ఉత్తరం రాసింది. కింది ఊటను ఊరి పేర రాయించడానికి ఏ కాగితం ఎక్కడ పెట్టాలో కూడా అందులో వివరంగా రాసింది. అంత సాయం ఎందుకు చేస్తోందని ఒక రోజంతా ఆలోచించాను. పాడు బుద్ధి పోదు. వచ్చే ఆదివారం పదకొండింటికి బడిలో సంఘం కూడుతుంది. జరిగింది నన్నే చెప్పమన్నారు. ఆ కాగితాల సంగతి మీకు తెలిసినంత ఇక్కడ ఎవరికీ తెలియదు. వీలైతే రండి. ఇస్మేనియా మీకోసం మేకపిల్లను వండుతానంటోంది.

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

మీ కొంపాద్రే,
నోల్బెర్తో తబీలో

తా.క. పై ఊట చోటు చూపించింది నేను. పక్షుల్ని లెక్కపెడతామన్నవాళ్ళు, మీ మేకలు ఎక్కడ తాగుతాయి తాతా అని అడిగారు. కాదనడానికి నోరు రాలేదు. ముందు నడిచి తీసుకెళ్ళాను. నీళ్ళు చల్లగా ఉన్నాయంటే సంతోషపడ్డాను కూడా. మేం దిగి వస్తుంటే మీరు మీ దొడ్డి గోడ దగ్గర నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూశారనే ఆరేళ్ళుగా నా అనుమానం. చూసి కూడా సంఘంలో నా పేరు చెప్పలేదు. ఆదివారం నేనే చెబుతాను, మీరు వచ్చినా రాకపోయినా.