పాత పాఠం చెప్పిన డాక్టరు గారికి తగిన శాస్తి కోరుతూ

వైద్య మండలి రిజిస్ట్రారు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: టీకాల భద్రతపై మారిన మార్గదర్శకాలను చదవకుండా నా చెల్లెలికి ఫ్లూ టీకా నిరాకరించిన మా వీధి చివరి డాక్టరు గారిపై కఠిన చర్య కోరుట గురించి.

నేను సిటీ బస్సు డ్రైవరును. నాకున్నది ఒక్కగానొక్క చెల్లెలు. అమ్మానాన్నలు పోయాక నా చేతుల్లోనే పెరిగింది. మున్సిపాలిటీ ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పే టీచరు. నీళ్లంటే హడలిపోయే పిల్లలు కూడా ఆమె "రా నాన్నా, నేనున్నాగా" అంటే దూకేసేవారు. ఈ దిగువ తెలుపుకొను సంగతులు తమరు దయతో కాక, కోపంతో చదవాలని ప్రార్థన.

1. చెల్లెలికి చిన్నప్పటినుంచి కోడిగుడ్డు పడదు. తింటే పెదవులు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. చలికాలం ముందు ఈతకొలను వారు సిబ్బందినందరినీ ఫ్లూ టీకా వేయించుకోమన్నారు. ఆమె సంతోషంగానే సదరు డాక్టరు గారి దగ్గరకు బయలుదేరింది. తోడుగా నేనూ వెళ్లాను. గుడ్డు సంగతి చెప్పగానే ఆయన సూది పక్కన పెట్టేశారు.

"గుడ్డు పడదా? అయితే నీకా ఊసే వద్దమ్మా. ఆ టీకా గుడ్లలోనే తయారవుతుంది. ప్రాణం మీదికొస్తుంది."

"ఇప్పుడు ఆ నిబంధన మారిందటండీ. గుడ్డు పడనివాళ్లూ వేయించుకోవచ్చని మా కొలను నర్సు చెప్పింది," అంది చెల్లెలు.

"డాక్టరు నేనా, మీ నర్సా?" అని ఆయన నవ్వారు. ఆయన నవ్వారని బల్లల మీద కూర్చున్నవాళ్లూ నవ్వారు. చెల్లెలు చిన్నబోయి లేచి వచ్చేసింది.

2. ఆ చలికాలంలోనే ఆమెకు ఫ్లూ సోకింది. ముందు జ్వరం, తర్వాత న్యుమోనియా. పెద్దాసుపత్రిలో గొంతులో గొట్టం వేసి యంత్రంతో ఊపిరి ఆడించారు. టీకా ఎందుకు వేయించలేదని వార్డు డాక్టరమ్మ అడిగితే జరిగింది చెప్పాను. ఆవిడ ఇలా అన్నారు: "ఆ అభ్యంతరం ఎప్పుడో తీసేశారండీ. గుడ్డు పడనివాళ్లకూ ఆ టీకా క్షేమమేనని తేలింది. వేసుంటే జ్వరమే రాదని నేను చెప్పలేను. ఇంతదాకా వచ్చేది కాదేమో."

ఆ "కాదేమో" నాతోనే బస్సెక్కుతుంది. నాతోనే అన్నం ముందు కూర్చుంటుంది.

3. చెల్లెలు బతికి బయటపడింది. ఊపిరితిత్తులు మాత్రం దెబ్బతిన్నాయి. మేడమెట్లు ఎక్కుతూ మధ్యలో కూర్చుండిపోతుంది. ఒకసారి కొలను చూసి వస్తానంటే తీసుకెళ్లాను. పిల్లలు "టీచర్, దిగండి, దిగండి" అంటూ ఆమె మీద నీళ్లు చల్లారు. నవ్వుతూనే ఉంది. ఇంటికొచ్చాక ఈత దుస్తులన్నీ మూటగట్టి నా చేతిలో పెట్టి, "ఎవరికైనా ఇచ్చెయ్ అన్నయ్యా" అంది.

4. తదుపరి నేను సదరు డాక్టరు గారిని నిలదీయడమైనది. "నేను చదువుకున్నప్పుడు అలాగే ఉండేదయ్యా," అన్నారు. కొత్త మార్గదర్శకాలు మీకు రాలేదా అంటే, "వస్తూనే ఉంటాయి. ఎన్నని చదవను?" అన్నారు. అయ్యా, ఒక వీధిని వన్‌వే చేశాక నేను పాత అలవాటున ఎదురెళ్లి ఎవరినైనా గుద్దితే, లైసెన్సు తీసుకున్న కాలంలో ఈ వీధిలో రెండువైపులా వెళ్లేవారని చెప్పుకోవచ్చునా? తమరు సెలవియ్యాలి.

5. ఇంత జరిగాక కూడా, మా పక్కింటి కుట్టుపని ఆవిడ తన మామగారిని తీసుకెళితే, ఆ పెద్దాయనకూ గుడ్డు పడదని తెలిసి అదే మాట చెప్పి పంపారు. ఆ రోజుతో ఆయన మీద నాకు మిగిలిన కాస్త జాలీ పోయింది. సెలవు దొరికినప్పుడల్లా ఆయన క్లినిక్‌లో కూర్చుని, వచ్చినవాళ్లందరికీ జరిగింది గొంతెత్తి చెప్పడం మొదలుపెట్టాను. రోగులు పలచబడ్డారు. ఆయన పోలీసులను పిలిచారు. మళ్లీ ఇక్కడ కనిపిస్తే లోపలేస్తామన్నారు వారు. అందుచేత చట్టప్రకారమే పగ తీర్చుకుందామని తమ గడప తొక్కాను.

6. ఈ ఏడు చెల్లెలికి పెద్దాసుపత్రిలోనే ఆ టీకా వేశారు. వేసి కాసేపు కూర్చోమన్నారు. ఆమె చేతి అద్దంలో పెదవులు చూసుకుంటూ కూర్చుంది. వాపు లేదు, దద్దుర్లు లేవు. ఏమీ కాలేదు. అద్దం దించి నా వైపు చూసి "ఇంతేనా?" అంది. ఆ గొంతును సదరు డాక్టరుకు వినిపించే మార్గం ఏ చట్టంలో ఉందో తమరే వెతకాలి.

కావున నేను కోరేది ఏమనగా, ఆయన క్షమాపణ నాకు అక్కర్లేదు. కొత్త మార్గదర్శకాలలో ఆయనకు పరీక్ష పెట్టి, నెగ్గేవరకు లైసెన్సు ఆపాలి. ఆ పరీక్ష తలుపులు మూసి కాక, మా వీధివాళ్లందరి ముందూ జరపాలి. ఆపైన కొలను గట్టు మీద నిలబెట్టి, టీచరు నీళ్లలోకి ఎందుకు దిగడం లేదో పిల్లలకు ఆయన నోటితోనే చెప్పించాలి. తడబడితే ఎవరూ మాట అందించకూడదు.

"ఆయన్ని ఏడిపిస్తే నా ఊపిరి తిరిగొస్తుందా అన్నయ్యా?" అంటుంది చెల్లెలు. రాదు. ఆయనకు ఒక్కసారి ఊపిరాడకపోతే నాకు చాలు.

పై సంగతులు చిత్తగించవలెను. చిత్తగించి సొరుగులో మాత్రం పెట్టవద్దు.

ఇప్పటివరకు తమ విధేయుడు,
సిటీ బస్సు డ్రైవరు

తా.క. అయ్యా, నేను ఆ చెల్లెల్ని. కవరు అంటించమని నాకిచ్చి అన్నయ్య డ్యూటీకి వెళ్లాడు. నాది మెత్తని మనసని, ఈ పగ నాకు గిట్టదని అనుకుంటున్నాడు. గిట్టకపోవడం కాదండీ, అన్నీ తనే చేసేస్తానంటే నాకు ఒళ్లు మండుతోంది. పరీక్ష పెడితే ప్రశ్నలు నేనే అడుగుతాను. నాకు రెండు మాటలకే ఆయాసం వస్తుంది, ఒక్కో ప్రశ్నకు చాలాసేపు పడుతుంది. నేను అడగడం పూర్తయ్యేదాకా ఆయన్ని కూర్చోనివ్వకండి.