కొబ్బరి చిప్పల తక్కెడ

ప్రమాది, కార్తీక బహుళ పంచమి. అరకు.

క్రోధం నరకద్వారమని ఊరందరికీ బోధించినవాడిని. ఈ రాత్రి ఆ క్రోధమే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

మనవరాలు భారతి డుంబ్రిగుడ సంతలో ముచ్చటపడి కొనుక్కున్న పిల్లనగ్రోవిని నా కొడుకు సాయంత్రం విరిచి పొయ్యిలో పెట్టాడు.

"ఏమిటిరా ఈ పని?" అన్నాను.

"ఏటి నాన్నా, నువ్వూనా! పరీక్షలొస్తన్నాయి. గుంట పొద్దస్తమానం ఊదుకుంటా కూకుంటే రేపు కూడెడతాదా అది?"

"చిన్నప్పుడు నువ్వు కొబ్బరి చిప్పలతో తక్కెడ కట్టి, వీధిమట్టిని పంచదారని మీ అమ్మకు అమ్మేవాడివి. పుస్తకం ముట్టేవాడివి కాదు. ఆ తక్కెడను నేను విరిచానా? విరిస్తే ఇవాళ బజారులో నీ కొట్టు ఉండేదా?"

"కొట్టూ ఇదీ ఒకటేటి?" అని గొణిగాడు.

తన బ్రతుకు పసితనపు ఆటలోంచే మొలిచిందని ఎరిగినవాడే, కూతురి ఆటను బూడిద చేశాడు!

భోజనాల దగ్గర భారతి ఏడవలేదు. ములక్కాడ ముక్కను రెండు చేతులా పట్టుకుని, దాని మీద లేని రంధ్రాలను వేళ్లతో మూస్తూ తెరుస్తూ కూర్చుంది. వాడూ చూశాడు. మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయాడు.

వాడి మీద నాకు జాలి కలగలేదు.