బహువచనాల పుస్తకం మీద ఒక్క పేరు

అన్నయ్యా,

బాగున్నావా అని మొదలుపెట్టడం అలవాటు... చేయి దానంతట అదే రాయబోయింది. నువ్వు పోయి పధ్నాలుగు నెలలైంది.

వదిన కుట్టుమిషను కొనుక్కుంది. మీ పాప సుగుణకు ఏడో ఏడు వచ్చింది. నేను గుంటూరులో టీచరు ట్రైనింగులో చేరాను. అక్కడే, నెల కిందట, నీ పుస్తకం చూశాను.

ఫాదరు కావాలని చేరిన సెమినరీ చదువు మధ్యలో మానేసి, నువ్వు నరసరావుపేట హైస్కూల్లో ఇంగ్లీషు మాష్టారువయ్యావు. సెలవులకు గురజాల వచ్చినప్పుడల్లా నాకు లాటిన్ చెప్పేవాడివి. పూజలో ఫాదరు గారు చదివే మాటలే మన పాఠాలు.

"పెక్కాతుం అంటే ఒక పాపం, పెక్కాతా అంటే పాపాలు. ఇంగ్లీషోళ్ళు ఈ పద్ధతంతా ఎత్తుకుపోయారే! డేటమ్, డేటా. మెమొరాండమ్, మెమొరాండా. ఎతికితే చానా ఉంటయ్" అనేవాడివి.

ఆ 'చానా' ఎన్నో తేల్చాలని నా పట్టుదల. పల్లెబడిలో పాఠాలు చెప్పుకుంటూనే నాలుగేళ్ళు వెతికాను. పచారీ కొట్టు పొట్లాల కాగితాలు, కాంపౌండరు గారి మందుల పుస్తకం, సర్వేయరు పారేసిన పత్రాలు... రేడియస్ రేడియై, ఫార్ములా ఫార్ములే, ఇండెక్స్ ఇండిసెస్. ఒక్కో మాటకు తెలుగు అర్థం, పక్కన నా సొంత వాక్యం. నోటుబుక్కు నిండాక దిద్దిపెట్టమని నీ చేతికిచ్చాను.

పది రోజులకు వచ్చి, "మాచర్ల రైల్లో సంచి పోయిందే ఫిలోమినా" అన్నావు.

నేను ఏడుస్తుంటే నరసరావుపేట స్టేషనుకు నువ్వే తీసుకెళ్ళావు, గుర్తుందా? సంచి ఏ రంగుదని స్టేషను మాష్టారు అడిగితే, కాకీ రంగని చెప్పావు. బెంచీల కింద వంగి వంగి చూశావు. నాకు సోడా కొనిచ్చావు... లేని సంచి కోసం అంతసేపు ఎలా వెతకగలిగావు అన్నయ్యా?

ట్రైనింగులో మా ఇంగ్లీషు మాష్టారు పంచిన పుస్తకం మీద నీ పేరు చూసి ముందు పొంగిపోయాను. తెరిచాను. స్ట్రాటమ్, స్ట్రాటా, రాతి పొరలు. పక్కన, మన నాపరాళ్ళ గని చూసి నేను రాసిన వాక్యం! పేజీలు తిప్పుతూ పోయాను. అన్నీ నావే. ముందుమాటలో సెమినరీ ఫాదర్లకు కృతజ్ఞతలు, మీ హెడ్మాస్టరుకు కృతజ్ఞతలు... నా పేరు కోసం చివరి అట్ట దాకా వెతికాను.

అంతలో మాష్టారు ఒక తప్పు చదివి నవ్వారు. 'ఇగ్నోరామస్'కు బహువచనం 'ఇగ్నోరామై' అని ఉంది. లాటిన్‌లో అది 'మాకు తెలియదు' అనే క్రియ అట. క్రియకు ఆ బహువచనం ఎక్కడిది? మూర్ఖుడు అని అర్థమొచ్చే ఆ మాట రాసినాయనకే సరిపోతుందన్నారు. క్లాసంతా నవ్వింది.

లేచి నిలబడ్డాను. "అది నేను రాసిన తప్పండీ. పుస్తకమంతా నేను రాసిందే. పేరు మాత్రం పోయిన మా అన్నయ్యది, ఆయన దిద్దలేదు" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. మాష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చనిపోయిన అన్న పరువు కోసం తప్పు తన మీద వేసుకుంది, చెల్లెలంటే ఇట్లా ఉండాలి అన్నారు. ఎంత చెప్పినా వినలేదు.

ఆ ఆదివారమే వదినను అడిగాను. పుస్తకం సంగతి ఆమెకు తెలుసు. నువ్వు ఏం చెప్పావో కూడా చెప్పింది. "ఫిలోమినాయే పేరొద్దందే. పల్లెబడి ఆడమనిషి రాసిందంటే హైస్కూళ్ళల్లో ఎవురు కొంటారు?"

వద్దని నేను ఎప్పుడు అన్నాను? ఒక్కసారి అడిగి ఉంటే... నీ పేరు కింద చిన్న అక్షరాలతో వేసినా మురిసిపోయేదాన్ని కదా! అడగడానికి అంత భయమేంది నీకు?

వదినతో ఇంకేమీ అనలేదు. నీ పటానికి రోజూ దండ వేస్తోంది, వేయనీ. సమాధుల పండుగకు మాత్రం నేను రాలేదు. క్షమించానని నీ సమాధి మీద కొవ్వొత్తి వెలిగించి అబద్ధం చెప్పలేక రాలేదు.

సెలవుల్లో సుగుణకు ఇంగ్లీషు మొదలుపెట్టాను. కొత్త నోటుబుక్కు ఇచ్చి, ఏబీసీడీల కంటే ముందు అట్ట మీద తన పేరు రాయించాను. వంకరగా, అట్టంతా నిండేలా రాసింది. ఎందుకత్తా ముందే అని అడిగింది. నువ్వు చేసిన పని గురించి ఏమీ చెప్పలేదు. ఎప్పటికీ చెప్పను, ఆ మాట ఇస్తున్నాను.

నీ చెల్లెలు,
ఫిలోమినా