రాజుగారికి ఇచ్చే సలహా

శనివారం, యూ టీ

మా అమ్మాయి సాహితికి స్కూల్లో డిబేట్ ఉంది. సాయంత్రం నన్ను ఎదురుగా కూర్చోబెట్టి మలేషియా కేబినెట్ గురించి చెప్పింది. మా ఊరి నుంచి సముద్రం మీద కట్టిన కాజ్‌వే దాటితే చాలు, రాజున్న దేశం. ఇన్నేళ్లుగా పక్కనే ఉంటూ నాకు ఒక్క ముక్క తెలియదు. తలుపులు మూసుకున్నాక మంత్రులు ఎంతైనా వాదించుకోవచ్చట. బయటికొచ్చాక అందరిదీ ఒకటే మాట. ఒప్పుకోలేనివాళ్లు రాజీనామా చేయాలి. ఆ నిర్ణయం రాజుగారికి ‘సలహా’గా వెళ్తుంది.

"ఆయనకి నచ్చకపోతే?" అన్నాను.

"చాలా విషయాల్లో కాదనకూడదు నాన్నా. పేరుకే అడ్వైస్ లాహ్!" అంది, ఇక్కడి పిల్లల యాసలో.

ఒళ్లు పులకరించింది. కిరీటం, సింహాసనం అన్నీ ఉన్న మనిషి ఒక మర్యాదైన మాటకి కట్టుబడి సంతకం పెడతాడు! కత్తి లేదు, కేక లేదు. అంత చిన్న మాట అంత పెద్ద దేశాన్ని మోస్తోంది.

నేనింకా ఆ ఆశ్చర్యంలోనే ఉన్నాను. తను నవ్వి, "హిస్టరీ వద్దు, సైన్స్ తీసుకో అని మొన్న నువ్వు సలహా ఇచ్చావు కదా. అది కూడా ఈ టైపేనా?" అంది.

మా ఇంట్లో సలహా అంటే ఎప్పుడూ ఆ టైపే. కాకపోతే అక్కడ ముందు మంత్రులందరూ ఒక గదిలో కూర్చుని వాదించుకుంటారు. మా ఇంట్లో ఆ గదే లేదు.

ఇప్పుడే చూశాను, సబ్జెక్టుల ఫారం నా టేబుల్ మీద పెట్టి పడుకుంది. హిస్టరీకే టిక్ పెట్టింది. కింద నా సంతకానికి చోటు వదిలింది.

ఈసారి సలహా నాకొచ్చింది.