కొట్టేసిన పేర్లు

మలావి, ఆఫ్రికా నుంచి

అక్కకి, నీ చెల్లెలు సరోజ దణ్ణాలు.

ఆ వేళ సర్వే కాగితం మీద బావ పేరు నేను కొట్టేసినందుకు నీకు నిజంగా కోపం రాలేదా? ఇరవై ఏళ్ళుగా ఈ మాట అడుగుదామనుకోవడం, నీ ఆరోగ్యం అడిగి ఊరుకోవడం. ఇప్పుడూ అడుగుతున్నాను: మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? బావ చేపల వేట మానేశాడా? అమ్మ మందులు వేసుకుంటోందా? ఇవి ఫోన్లో చెప్పగలిగే మాటలు కావని ఉత్తరం రాస్తున్నాను. నేను బాగానే ఉన్నాను, బెంగపడకు.

ఇక్కడ పల్లెలు తిరిగి ఎంతమంది ఉన్నారు, నీళ్ళున్నాయా, బడి ఉందా అని రాయడం నా పని. పొద్దున్నే చలి, మధ్యాహ్నానికి ఎర్రదుమ్ము. మొక్కజొన్న పిండి ముద్ద అలవాటైంది. సరస్సు ఒడ్డున ఎండబెట్టిన చిన్నచేపల వాసన వస్తే మాత్రం మన రేవు గుర్తొచ్చి ఆ పూట తిండి సహించదు. వీలైతే మామిడి తాండ్ర పంపు. ఒంట్లో బాగానే ఉంది, మళ్ళీ చెబుతున్నాను.

మొన్న ఎస్నాత్ అనే ఆవిడ ఇంటికి వెళ్ళాం. ఎంతమంది అంటే ఐదుగురంది. కనిపించింది నలుగురే. భర్త దక్షిణాఫ్రికా గనుల్లో ఉన్నాడు, ఏడాదైంది. ఆరు నెలలు దాటి ఊళ్ళో లేనివాళ్ళని లెక్కలో వెయ్యకూడదని మా నియమం. కొట్టేశాను. ఆవిడ లోపలికెళ్ళి ఒక పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది, ఇది ఆయనది అంది. దుబాసీ పిల్ల చెబుతుంటే నాకు నీ గొంతే వినిపించింది.

"ఒలే, మీ బావ పేరు కొట్టీసినావేటే? వేరావల్ బోటు మీదున్నాడు గానీ సచ్చిపోనేదే! ఆడి కంచం ఇక్కడే ఉన్నాది, సూడు."

"అది రూలు అక్కా, నీకు తెలీదు," అన్నాను నేను. ఎచ్చెర్లలో ఎం.ఏ. చదువుతూ మంచినీళ్ళ సర్వేకి వచ్చిన గర్వం.

"ఔన్లే, సదువుకున్నదానివి. అన్నం తిను," అని నవ్వేశావు.

మీ పేట మగవాళ్ళంతా గుజరాత్ వేటకి వెళ్ళి ఏడో నెల అది. గడప గడపకీ కొట్టుకుంటూ పోయాను. జనం చాలరని మంచినీళ్ళ ట్యాంకు పక్క ఊరికి పోయింది. పాడుపడ్డోళ్ళు ఎవులో తప్పు రాసీసినారని పేటంతా తిడుతుంటే నేను నోరు మెదపలేదు. నువ్వూ నా పేరు చెప్పలేదు. ఇప్పటికీ ఇసకలో చెలమ తవ్వి బిందె మోస్తున్నావు. ఏ ముఖం పెట్టుకుని నీ మోకాళ్ళ గురించి అడుగుతున్నానో!

ఇక్కడా అంతే, జనం సరిపోతేనే బోరు. ఆ సాయంత్రం ఎస్నాత్ భర్త పేరు మళ్ళీ రాశాను. ఆ ఊరి నుంచి వెళ్ళిన మగవాళ్ళందరి పేర్లూ రాశాను. మనసు తేలికపడుతుందనుకున్నాను. పడలేదు. అంతకుముందు వారమే పక్క ఊళ్ళో ఇలాంటి పేర్లే కొట్టేసి కాగితాలు పంపేశాను. బోరు ఒక్కటే. ఈ ఊరికొస్తే ఆ ఊరికి రాదు.

అమ్మ పాదాలకి నా బదులు దణ్ణం పెట్టు. ఆనాడు పేర్లు కొట్టేసింది నేనేనని పేటలో చెప్పెయ్యి. బావకి ముందు చెప్పు. తిట్టినా సరే, తిట్టాక నన్ను దీవించండి.

సోమవారం ఈ కాగితాలు ఇచ్చెయ్యాలి. ఉత్తరం నీకు చేరేసరికి ఇచ్చేసే ఉంటాను. ఆ పేర్లు ఉంచి ఇస్తానో కొట్టేసి ఇస్తానో, ఏది తప్పో, ఇది రాస్తున్న ఈ నిమిషానికి నాకు తెలియడం లేదక్కా.

నీ చెల్లెలు
సరోజ